పక్క సీటు కింది క్లచ్

కారుతో పాటు వచ్చిన క్లచ్ ఎన్నాళ్లు మన్నుతుందని అడిగితే మా వీధి చివరి కార్ల షెడ్డు మేస్త్రీ ముందు మన కాళ్ల వైపు చూస్తాడు. "కాలిని బట్టి" అంటాడు. ఒకే మనిషి ఒద్దికగా నడుపుకుంటే కారు అమ్మేదాకా దాన్ని విప్పే పని ఉండదట. అస్తమానం పెడల్ మీద కాలు ఆనించి ఉంచే రకమైతే ఏడాది తిరక్కుండానే మాడ్చి మసి చేస్తారట. ఇక డ్రైవింగ్ స్కూలు కారు సంగతి చెప్పనే అక్కర్లేదు. పూటకో కొత్త కాలు, ఒక్కో కాలికి ఒక్కో భయం. అలాంటి కారులో క్లచ్ ప్లేటు మార్చడం చొక్కా మార్చినంత మామూలు.

అలాంటిది మా ఊరి డ్రైవింగ్ స్కూలు చిన్నమేడం కారులో కంపెనీ వాళ్లు బిగించిన క్లచ్చే లక్ష కిలోమీటర్లు దాటినా పనిచేస్తూ ఉండేది. నేనూ ఆ కారులోనే నేర్చుకున్నాను. ఇప్పుడు చెప్పేదాంట్లో కొంత నేను కళ్లారా చూసింది, మిగతాది ఆవిడ నోట విన్నది.

ఆ స్కూలు పెట్టింది చిన్నమేడం వాళ్ల అక్క. అందరూ పెద్దమేడం అనేవారు. మందుల షాపు పక్కన ఒకటే గది, గోడకి రోడ్డు గుర్తుల బోర్డు, ఓ బల్ల, ఫోను. అక్క రోజంతా కారులో, చెల్లెలు రోజంతా బల్ల దగ్గర. పెద్దమేడంది పెద్ద నోరు. "అది గేరు రాడ్డమ్మా, గరిటె కాదు, అలా కలపకు" అనేది. "క్లచ్ నొక్కి వదలడానికి, కాలు చాపుకోవడానికి కాదు" అనేది. కానీ నోటికంటే ఆవిడ కాలు చురుకు. పక్క సీటు కింద కూడా ఒక క్లచ్, ఒక బ్రేకు ఉండేవి. రెండు క్లచ్‌లనీ ఒక ఇనుప కడ్డీ కలిపేది. ఒకటి నొక్కితే రెండోదీ దిగుతుంది. నేర్చుకునేవాళ్లు క్లచ్‌ని సగంలో పట్టుకుని ఇంజన్‌ని ఏడిపించబోయే లోపలే ఆవిడ తన వైపు నుంచి నొక్కేసేది. చెప్పులు సీటు ముందు జతగా విడిచి, మడమ నేలకి ఆనించి, వేళ్లు కాస్త బయటికి తిప్పి, ఉత్తకాలితో నొక్కేది. చెప్పు అడ్డముంటే బండి ఏమంటోందో తెలియదని ఆవిడ నమ్మకం.

ఆవిడ పోయింది కూడా ఆ సీట్లోనే. ఒక మధ్యాహ్నం, కొత్తగా నేర్చుకుంటున్న టైలరమ్మ స్టీరింగ్ పట్టుకుని రైలు పట్టాల మీది వంతెన ఎక్కిస్తోంది. మధ్యలో లారీ ఆగితే కారూ ఆపింది. లారీ కదిలి వెళ్లిపోయింది గానీ కారు కదల్లేదు. వెనక హారన్లు మోగాయి. పెద్దమేడం నిటారుగా కూర్చుని రోడ్డు వైపే చూస్తోంది. అప్పటికే గుండె ఆగిపోయింది.

కొన్నాళ్లు గదికి తాళం పడింది. తర్వాత, నేర్చుకోవడం సగంలో ఆగిపోయినవాళ్లు వచ్చి మొహమాటంగా నిలబడుతుంటే, చిన్నమేడమే వెళ్లి ఆ పక్క సీట్లో కూర్చుంది. లైసెన్సు ఉంది కానీ నేర్పే అలవాటు లేదు. మెతక మనిషి. మేమంతా రోజూ ఏ గోడనో గుద్దడం ఖాయమనుకున్నాం.

విచిత్రం, గుద్దడం కాదు కదా, ఇంజన్ ఒక్కసారి కూడా ఆగిపోలేదు. నా మొదటివారంలో కూరగాయల బండి మీదకి పోనిచ్చాను. చేతులూ కాళ్లూ ఆడలేదు. అంతలో నా కాలి కింద క్లచ్ మెత్తగా దిగిపోయింది, పసిపిల్ల చేతిలోంచి గాజు గ్లాసు తీసుకున్నంత మెత్తగా. ఊపు తగ్గి కారు బండికి జానెడు దూరంలో నిలిచింది.

"మీరు నొక్కబట్టి సరిపోయింది మేడం, లేకపోతే ఆ వంకాయలన్నీ మనవే" అన్నాను.

"నేనెక్కడ నొక్కాను? నువ్వే నొక్కావు" అంది ఆవిడ.

అబ్బో, నాకు పని పట్టుబడుతోందే అని మురిసిపోయాను. అందరితోనూ ఆవిడ అదే మాట అందట. చివరికి ఒక నర్సు మాత్రం ఒప్పుకోలేదు. "నేను నొక్కలేదండీ. పెడల్ దానంతటదే దిగింది. మీరూ నొక్కలేదంటున్నారు. మరి నొక్కిందెవరు?" అని నవ్వేసి దిగిపోయింది. నర్సు నవ్వి మర్చిపోయింది. చిన్నమేడం మర్చిపోలేకపోయింది.

మర్నాడు కాళ్లు రెండూ పైకి తీసి సీటు మీద ముడుచుకుని కూర్చుంది. పెడల్ కదల్లేదు. కారు నాలుగడుగులు కుంటి, దగ్గి, ఆగిపోయింది. నిజానికి అప్పుడు మనసు కుదుటపడాలి. కానీ ఆవిడకి, అక్క అలిగిందనిపించింది. కాళ్లు కిందికి దించి, నేర్చుకునేవాళ్లకి వినపడకుండా "సర్లే, ఇంకెప్పుడూ చెయ్యన్లే" అందట.

అప్పట్నుంచి కారు ఎక్కబోయేముందు తలుపు తీసి ఒక్క క్షణం ఆగేది. ఆ సీట్లో అప్పటికే ఉన్నవాళ్లు కాస్త జరగాలన్నట్టు ఆగేది. అది నేను చూశాను. నడుం నొప్పేమో అనుకున్నాను.

సర్వీసింగుకి తీసుకెళితే మేస్త్రీ క్లచ్ నొక్కి చూసి మొహం చిట్లించాడు. "బాగా పైకొచ్చాక గానీ పట్టుకోవట్లేదమ్మా. ప్లేటు అయిపోయినట్టే. మార్చేద్దాం."

"నడుస్తోంది కదా. ఇంకొన్నాళ్లు పోనీ."

"అసలిన్నాళ్లు ఎలా నడిచిందనేదే నాకు అర్థం కావట్లేదు. పట్టీ పట్టనట్టు సగంలో జారినప్పుడే ప్లేటు అరిగేది. మీ అక్కగారు జారనిచ్చేది కాదు, సరే. తర్వాత ఎవరు కాశారు?"

చిన్నమేడం తాళాలు తీసుకుని వచ్చేసింది.

పెద్దమేడం కూతురు చిట్టి. కాలేజీలో చదువుతోంది, పిన్ని దగ్గరే ఉంటోంది. తల్లి పోయాక ఆ కారు ఎక్కింది లేదు. అలాంటిది ఒక పొద్దున గదికి వచ్చి, "నాక్కూడా నేర్పు పిన్నీ. ముందు ఊరికే వెనక కూర్చుంటాను" అంది. ఆ పూట స్టీరింగ్ దగ్గర ఉన్నది నేను. నాలుగు రోడ్ల కూడలిలో బస్సు అడ్డం వచ్చింది. నేను తడబడ్డాను. క్లచ్ దిగింది. వెనక నుంచి చిట్టి మా ఇద్దరి మధ్యకి వంగి, ఒక్కసారిగా కేక పెట్టింది.

"పిన్నీ! నీ కాలు!"

నేను గబుక్కున బ్రేకు వేశాను. ముగ్గురం కిందికి చూశాం. చిన్నమేడం చెప్పులు సీటు ముందు జతగా ఉన్నాయి. ఉత్తకాలు క్లచ్ మీద ఉంది. మడమ నేలకి ఆని ఉంది. వేళ్లు కాస్త బయటికి తిరిగి ఉన్నాయి.

"అమ్మ పెట్టినట్టే పెట్టావు" అంది చిట్టి.

చిన్నమేడం ఆ కాలి వంక పరాయి మనిషి కాలిని చూసినట్టు చూసింది. "చెప్పులు ఎప్పుడు విడిచాను?" అని నన్ను అడిగింది.

ఆ సాయంత్రమే ఆవిడ టైలరమ్మ షాపుకి వెళ్లింది. ఆరోజు సంగతి అంతకుముందు ఎన్నడూ అడగలేదు. టైలరమ్మ మిషను ఆపి, ఒళ్లోని బట్ట పక్కన పెట్టింది.

"మేడం పరీక్ష పెడుతోందనుకున్నానమ్మా. 'వదలమంటారా? వదలనా?' అని అడుగుతూనే ఉన్నాను. పలకదు. కోపమొచ్చిందేమోనని నోరు మూసుకుని కూర్చున్నాను. ఒక కాలు క్లచ్ మీద, ఒక కాలు బ్రేకు మీద బిగిసిపోయాయి. అందుకే అంత ఏటవాలులో కూడా కారు వెనక్కి పోలేదు. జనం వచ్చి దింపుతుంటే ఆ కాళ్లు రాలేదమ్మా. నేనే కింద కూర్చుని నా చేతుల్తో తీశాను. ఇన్నాళ్లూ మీకెలా చెప్పాలో తెలీక మీ గది ముందు నుంచి నడవడమే మానేశాను."

చిన్నమేడం ఆవిడ చేతులు రెండూ పట్టుకుందట.

భయపడి చిట్టి వెనకడుగు వేస్తుందనుకున్నాం. వెయ్యలేదు. రోజూ పొద్దున్నే పిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని నడిపేది. చేయి తిరిగాక ఒకరోజు చెప్పాపెట్టకుండా కారుని వంతెన వైపు తిప్పింది. "అటొద్దే" అంటూనే ఉంది పిన్ని. "ఎన్నాళ్లని తప్పించుకు తిరుగుదాం?" అంది చిట్టి.

సగం ఎక్కేసరికి ఇంజన్ గట్టిగా అరవడం మొదలుపెట్టింది. అరుపే గానీ ముందుకు పోదు. రబ్బరు మాడినట్టు ఘాటైన వాసన. క్లచ్ ప్రాణం అక్కడ పోయింది. అంతలో పెడల్ నేలకంటా దిగింది. చిన్నమేడం కాలు తన పని తను చేసుకుపోయింది. కానీ ఎత్తు మీద క్లచ్ నొక్కితే ఏమవుతుంది? కారు వెనక్కి జారసాగింది. వెనక బస్సు.

"కాలు తియ్యి పిన్నీ!"

"రావట్లేదే... నావల్ల కావట్లేదు..."

చిట్టి బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేసి, హ్యాండ్‌బ్రేకు లాగింది. కారు ఆగింది. అప్పుడు కిందికి వంగి, పిన్ని చీలమండ పట్టుకుని, వేలు వేలుగా వదులు చేస్తూ ఆ కాలిని పెడల్ మీంచి తీసింది. మంచు ముక్కలా ఉందట. తన ఒళ్లో పెట్టుకుని రుద్దుతూ, "ఇంక చాలమ్మా. నేను నడుపుకోగలను" అంది.

'అమ్మా' అని ఎవర్ని అందో చిన్నమేడం ఇప్పటికీ అడగలేదు.

కారుని తాడు కట్టి షెడ్డుకి లాక్కెళ్లారు. మేస్త్రీ విప్పి చూపించాడు. ప్లేటు అరిగి అరిగి రివెట్ల తలలు బయటపడ్డాయి. కొత్తది బిగిస్తుంటే చిన్నమేడం, "ఆ కడ్డీ కూడా తీసెయ్యి" అంది. "పక్క సీటుకి బ్రేకొక్కటీ చాలు."

"బండి మాటిమాటికీ ఆపేస్తారమ్మా."

"ఆపనీ. మళ్లీ స్టార్ట్ చేసుకుంటారు."

ఇప్పుడు ఆ కారు కూడళ్లలో ఆగిపోతూనే ఉంటుంది. ఆటోలవాళ్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోతుంటారు. ఆవిడ చేతులు కట్టుకుని, నేర్చుకునేవాళ్లు స్టార్ట్ చేసేదాకా చూస్తుంది. కొత్త క్లచ్‌కి ఆయుష్షు ఎక్కువ ఉండదని మేస్త్రీ ముందే చెప్పేశాడు. చిట్టికి లైసెన్సు వచ్చింది. సెలవుల్లో వచ్చి తనూ నేర్పుతుంది.

మొన్న గది ముందు కనిపిస్తే, "ఇప్పుడు ఆ సీట్లో ఎలా ఉంటోంది మేడం?" అని అడిగాను.

"ఖాళీగా ఉంటోంది."

"మీరు కూర్చుంటారుగా?"

"నేను కూర్చున్నాక కూడా" అని ఆవిడ, పాఠం కోసం ఎదురుచూస్తున్న అమ్మాయిని కేకేసి, తలుపు తీసి ఆగకుండా ఎక్కేసింది.