ఆపుకున్న తుమ్ము

మా అమ్మకు పైదవడలో కుడివైపు దంతాలు రెండు పోయి చాలా కాలమైంది. పెట్టుడు పళ్ళు చేయిస్తే రెండు రోజులు పెట్టుకుని, నోట్లో పరాయివాళ్ళు ఎవరో ఉన్నట్టుందని డబ్బాలో వేసి మూత పెట్టేసింది. శామీర్‌పేట చెరువు వైపు వెళ్ళినప్పుడల్లా కాల్చిన మక్కకంకి కొనిపించుకునేది. కాసేపు చేత్తో పట్టుకుని, వాసన చూసి, నాకే ఇచ్చేసేది. అది చూడలేక నేనే పట్టుబట్టి మేడ్చల్‌లో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆవిడది కోస్తా. మా పక్క కాలనీలోనే ఉంటుంది. తెర మీద అమ్మ దవడను పెద్దది చేసి చూపించింది.

"చూశారామ్మా, పళ్ళు పోయిన చోట ఎముక బాగా అరిగిపోయింది. దాని పైన ముక్కు పక్కన ఉండే గాలి గది, సైనస్. ఇంత పల్చటి ఎముకలో పన్ను బిగించే మర, ఇంప్లాంట్, దించితే నిలవదు, ఆ గదిలోకి పోతుంది."

అందుకని ముందు ఆ గది అడుగున ఉన్న సన్నటి పొరను మెల్లగా పైకి లేపి, కింద ఎముక పొడి నింపాలి. అది గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాతే పళ్ళు. దీన్ని సైనస్ లిఫ్ట్ అంటారట.

"కోడిగుడ్డు పెంకు కింద పొర ఉంటది సూడు, గసొంటిదా?" అని అడిగింది అమ్మ.

"అచ్చం అంతేనమ్మా!" అని డాక్టరమ్మ తెగ సంతోషపడింది. ఇన్ని చదువులు చదివిన నాకు తట్టని పోలిక మా అమ్మకు తట్టినందుకు నాకు కొంచెం కుళ్ళుగా అనిపించింది.

ఆపరేషన్ గంటన్నరలో అయిపోయింది. అసలు పని తర్వాతి జాగ్రత్తలదే. ముక్కు చీదకూడదు. స్ట్రాతో తాగకూడదు. తలకింద రెండు దిండ్లు పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, తుమ్ము వస్తే ఆపుకోకూడదు, నోరు బార్లా తెరిచి తుమ్మేయాలి. ముక్కూ నోరూ మూసుకుంటే ఆ గాలి విసురంతా కొత్తగా లేపిన పొర మీద పడుతుంది. అమ్మకు చదువు రాదు. అందుకని రోజూ పొద్దున్నే నేను ఇవన్నీ చెప్పడం, ఆమె బడిలో ప్రతిజ్ఞలా అప్పజెప్పడం జరిగేది.

పదో రోజు పొద్దున కండ్లకోయలోని మా కాలేజీకి బయలుదేరాను. అక్కడ ల్యాబ్‌లో పని నాది. బండి మీద కూర్చుని హెల్మెట్ పెట్టుకుంటున్నాను. ఎప్పటిలాగే అమ్మ గడప దాకా వచ్చింది. ఉన్నట్టుండి ముఖం చిట్లించి, కొంగు లాగి ముక్కూ నోరూ గట్టిగా అదిమిపట్టింది. భుజాలు ఒక్కసారి అదిరాయి. చప్పుడు మాత్రం రాలేదు. కొంగు తీస్తే నెత్తురు. అందులో రవ్వలాగా తెల్లటి పలుకులు.

నాకసలే ముక్కుమీద కోపం. "ఎన్నిసార్లు జెప్పిన్నే నీకు? పొద్దున్నే గదా అప్పజెప్పినవు!" అని వీధంతా వినబడేలా అరిచాను.

"ఏం గాలే. నువ్వు పో బిడ్డా, నీకు లేటయితాంది," అంది నెత్తురు తుడుచుకుంటూనే.

కాలేజీ మానేసి ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. స్కాన్ తీసి చూసి ఆవిడ పెదవి విరిచింది. పొర కాస్త చిరిగింది, పొడి కొంత బయటికొచ్చింది, మిగతాది ప్రస్తుతానికి నిలిచింది. "ఇంకొక్కసారి ఇలా జరిగితే మొత్తం తీసేసి, అది మానాక మళ్ళీ మొదలుపెట్టాలి. అప్పుడైనా కుదురుతుందని చెప్పలేను. అసలెందుకు ఆపుకున్నారమ్మా?"

అమ్మ నా వైపు చూసి తల దించుకుంది. "కొడుకు బయటికి పోతాండు గదమ్మా. ఎదురంగ ఒంటి తుమ్ము ఎట్ల తుమ్ముత?"

నేను నవ్వాను. ఆ నవ్వును ఇప్పటికీ క్షమించుకోలేను.

అమ్మ నెమ్మదిగా చెప్పింది. మా బాపు సూరారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఒకరోజు పొద్దున ఆమె పోపులో ఎండుమిర్చి వేసింది, ఘాటు తగిలింది, ఆయన గడప దాటుతుంటే ఒక్క తుమ్ము తుమ్మింది. ఆయన ఆగకుండా వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం పనిలోనే గుండె ఆగిపోయింది. నేనప్పుడు ఏడో తరగతి. గుండెపోటు సంగతి నాకు తెలుసు. తుమ్ము సంగతి డాక్టరమ్మ ముందే మొదటిసారి విన్నాను.

"గప్పటిసంది ఎవలు పోతున్నా ఎదురంగ తుమ్మలే," అంది.

నేను బడికి వెళ్ళినప్పుడు, పరీక్షలకు వెళ్ళినప్పుడు, ఇంటర్వ్యూలకు వెళ్ళినప్పుడు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నిలబడడం నాకు గుర్తే. దుమ్ము పడదేమో అనుకునేవాణ్ణి. ఒక్కసారి కూడా అడగలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు, పాఠం చెప్పలేదు. "మా ఇంట్లో ఎవరైనా తుమ్మితే కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వెళ్ళేవాళ్ళమండి. మీకు లేదా ఆ అలవాటు?" అంది.

"ఉంటది," అంది అమ్మ.

ఆ తర్వాత రెండు రోజులు, ఆమె స్నానానికి వెళ్ళినప్పుడు దొంగలా జారుకున్నాను. తుమ్మొచ్చినా ఎదురుగా నేను ఉండను కదా అని నా తెలివి. మూడో రోజు ఆమె బాత్రూం తలుపు తీసే పెట్టుకుని "చెప్పకుంట పోతవారా?" అని కేకేసింది. ఇక నా తెలివి మానుకున్నాను.

ఆ పొడి చివరికి ఎముకై నిలిచింది, మరుసటి ఏడు పళ్ళు కూడా వచ్చాయి. కానీ నేను మరిచిపోలేనిది ఆ స్కాన్ తీసిన వారంలోనే ఒక పొద్దున. బండి స్టార్ట్ చేశాను. గడపలో అమ్మ ముఖం చిట్లించింది. చెయ్యి కొంగు దాకా వెళ్ళింది. నా వైపు చూసింది. కొంగు వదిలేసి, నోరు తెరిచి తుమ్మింది. ఒక్కటే తుమ్ము. తుమ్మి అలాగే బిగుసుకుపోయింది, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఇలాంటివి నేను నమ్మను. అయినా బండి ఆపాను. హెల్మెట్ తీసి, చెప్పులు విడిచి లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. "మంచినీళ్ళియ్యవే అమ్మా."

ఆమె గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నేను నిదానంగా తాగాను. ఆమె నా ముందు నేల మీద కూర్చుంది.

"ఆ దినం మీ బాపు ఆగకుండ పోయిండన్న గదా," అంది. "నేనే ఆగుమనలే. డ్యూటీకి లేటయితదని, నీళ్ళు ముంచి గూడ ఇయ్యలే, చేతిలనే పట్టుకున్న."

గ్లాసు ఖాళీ అయింది. బయట కాలేజీ బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళిపోయింది.

"ఇంకో గ్లాసు తే," అన్నాను.