గాలి తిరిగేదాకా

మా పెద్దమ్మ శుక్రవారం తెల్లవారుజామున పోయింది. ఎండదెబ్బ కాదు, వయసు. ఉప్పు కయ్యల్లో పనిచేసిన మనిషి మే నెలలో పోతే అందరూ అదే అనుకుంటారు కాబట్టి ముందే రాస్తున్నాను. ఎండ ఆమెను గెలవలేదు.

నాకు రక్తసంబంధం లేదు. కయ్యల్లోంచి ఉప్పును గట్టుకు లాగే కూలీలం, మా అందరికీ ఆమె పెద్దమ్మే. చదువు రాదు గానీ గడియారం చూడటం వచ్చు. గట్టు మీద కర్ర పాతి పాత చీర పేలిక కట్టింది. పొద్దున పడమటి గాలికి అది సముద్రం వైపు ఎగిరేది. సముద్రపు గాలి వచ్చి ఒళ్లు చల్లబడే వేళకు ఊరివైపు తిరిగేది. తిరిగిన టైము రోజూ క్యాలెండరు గడిలో పెన్సిలు ముక్కతో వేసుకునేది. "ఎండ ఎంతైతే నాకెందుకు? గాలి ఎప్పుడొస్తదో అది చెప్పండి" అనేది.

నిరుడు వడగాలుల వారంలో ఆ గడుల్లో పన్నెండు పోయి రెండైంది, రెండు పోయి మూడైంది. ఒక మధ్యాహ్నం మా పక్కన పనిచేసే అక్క కయ్యలోనే కళ్లు తిరిగి పడింది. మరునాడు పదిన్నరకే పెద్దమ్మ కాళ్లు కడుక్కుని షెడ్డులో కూర్చుంది. గాలి తిరిగితేనే దిగుతానంది. మేమూ కూర్చున్నాం. దిగకపోతే వేరేవాళ్లను తెస్తానన్నాడు సూపర్‌వైజరు. నాకు నోటినిండా తిట్లే వచ్చాయి. ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. అతను ఫోను చూపించాడు.

"ముప్పై ఆరే పెద్దమ్మా! ఈ మాత్రానికేనా?"

"అది యాడ ఎండ నాయనా?"

"మన ఏరియాదే."

"నీ జేబులో ఉండేదానికి ఏం తెలస్తది? కయ్య గట్టున పెట్టు. మా మాదిరి ఉండనీ కాసేపు."

పంతానికి పెట్టాడు. పావుగంట తర్వాత తీయబోతే చెయ్యి చురుక్కుమంది. ఫోను వేడెక్కిందనీ, చల్లారేదాకా పనిచేయదనీ తెర మీద రాసుంది. అది చదివి వినిపించింది నేనే. గట్టిగా, రెండుసార్లు.

"దానికుండే బుద్ధి నీకు లేకపాయె అబ్బయా" అంది పెద్దమ్మ. "దాన్ని కూడా పనిలోంచి తీసేస్తావా?"

షెడ్డంతా విరగబడి నవ్వింది. అతనూ నవ్వలేక నవ్వాడు. ఆ రోజు నుంచి పదిన్నర దాటాక పేలిక తిరిగేదాకా మా కయ్యల్లో పని లేదు. ఏ ఆఫీసరూ వచ్చి ఇచ్చింది కాదది. ఆమె తీసుకుంది, మాకిచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమెను సాగనంపి వస్తూ పక్క యజమాని కయ్యల వైపు చూశాను. ఎంత ఎండైనా అక్కడ పని ఆగేది కాదు. ఆ రోజు ఒక్కరూ లేరు. తాటాకు పాక నీడలో ఆడామగా కాళ్లు బార్లా చాపుకుని కూర్చుని మా గట్టు మీది పేలికకేసి చూస్తున్నారు. ఎదురుగా ఉప్పొక్కటే తెల్లగా మండుతోంది.