నేను నవ్వును దాచుకున్న రోజు

పోయిన నెలలో ఆత్మకూరులో దగ్గరివాళ్ళ పెళ్ళివిందుకు వెళ్ళినప్పుడు, భోజనాలకు ముందు ఒక యువకుడు మైకు పట్టుకుని, తన తండ్రి కొత్త చెప్పులు అరిగిపోతాయని చంకలో పెట్టుకుని నడిచే వైనం చెప్పి హాలంతా నవ్వించాడు. ముందు వరుసలో కూర్చున్న ఆ తండ్రే అందరికంటే ఎక్కువగా నవ్వుతున్నాడు. పక్కనున్న మా కోడలు నన్నూ నవ్వమన్నట్టు మోచేత్తో పొడిచింది గానీ, నాకు మా అన్న గుర్తుకొచ్చి నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా మా పిల్లలకు కూడా చెప్పని సంగతి ఒకటుంది. నా ఈడువాళ్ళయితే అర్థం చేసుకుంటారన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

మా అన్న హాస్యం చెప్పి బతికినవాడు. మాది ఉదయగిరి. బడి వార్షికోత్సవాలకూ, పెళ్ళిళ్ళకూ, క్రిస్మస్ రోజుల్లో చర్చి కార్యక్రమాలకూ వరికుంటపాడు నుంచి ఆత్మకూరు దాకా అన్నను పిలిపించుకునేవాళ్ళు. సినిమా నటుల గొంతులు, నాయకుల ఉపన్యాసాలు, కండక్టర్ల కేకలు అన్నీ చేసేవాడు. ఆ పనిలో ఉన్న మిగతావాళ్ళు ఒకసారి చప్పట్లు పడిన ముక్కను పదేళ్ళు మోసేవాళ్ళు గానీ, అన్నకు చప్పట్లతో తృప్తి ఉండేది కాదు. తిరుగు బస్సులో కూర్చుని నోటు పుస్తకం తీసి, నవ్వు ఎక్కడ ఆలస్యంగా వచ్చిందో, ఎక్కడ పిల్లలు మాత్రమే నవ్వి పెద్దలు ఊరుకున్నారో రాసుకునేవాడు. ఒక కండక్టరు గొంతు కోసం ఆత్మకూరు బస్టాండులో మూడు రోజులు కూర్చుని, నాలుగో రోజు ఆ కండక్టరునే టీకి పిలిచి, ఆయన ముందే చేసి చూపించి తప్పులు దిద్దించుకున్నాడు. పనికిరాదనుకున్న ముక్కను కొట్టేశాక మళ్ళీ నోట రానిచ్చేవాడు కాదు. అట్లాంటివి ఉంచుకుంటే నాలుక మొద్దుబారుతుందనేవాడు.

ఏ కొత్త ముక్కనైనా ముందు నాకే వినిపించేవాడు. ముఖం చూస్తే ప్రేమకొద్దీ నవ్వేస్తానని నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, ఒళ్ళో చేటనిండా వేరుశనక్కాయలు పోసి ఒలవమనేవాడు. వెనక నిలబడి చెబుతూ నా చేతులనే గమనించేవాడు. చేతులు ఆగితే ఆ మాట ఉంటుంది, ఒలుస్తూనే ఉంటే పోతుంది. నా నవ్వును మాత్రం లెక్కలోకి తీసుకునేవాడు కాదు.

నాకు పెళ్ళయి ఆత్మకూరు వచ్చిన కొన్నేళ్ళకు, మా ఆయన పాఠాలు చెప్పే బడిలోనే వార్షికోత్సవానికి అన్నను పిలిచారు. దానికి రెండు వారాల ముందు ఒక మధ్యాహ్నం అన్న మా ఇంటికి వచ్చి, ఎంతకాలం పరాయి గొంతులతో బతకడం, ఈసారి మన ఇంటి గొంతుతో చేస్తానన్నాడు. అలవాటు ప్రకారం నేను చేట తెచ్చుకుని గోడవైపు తిరిగాను.

అది మా నాయన మీద కట్టిన హాస్యం. నాయన సీతారామపురం మెట్టల్లో మేకలు కాసేవాడు, నా పెళ్ళికి ముందే పోయాడు. ఆదివారం చర్చికి తొడుక్కునే ఒకే ఒక తెల్లచొక్కా చేతిని మొండి మేక ఒకటి నమిలేస్తే, ఆ మేకను నాయన అత్తా అని పిలిచి పంచాయతీ పెట్టడం, ఒక చెయ్యి నువ్వు తింటివి, రెండోది నన్ను కోసుకోమంటివా అని నిలదీయడం, చివరకు రెండో చెయ్యి కూడా కత్తిరించుకుని కొత్త ఫ్యాషన్ లాగా చర్చికి పోవడం, అక్కడ పొడుగాటి ప్రార్థనలో కునుకు తీసి ఉన్నట్టుండి మేకల్ని అదిలిస్తే ముందు వరుసలవాళ్ళు ఉలిక్కిపడి లేవడం, అన్నీ ఉన్నాయి. నా వెనక నాయనే నిలబడి మాట్లాడుతున్నట్టుంది. కడుపులోంచి నవ్వు పొంగుకొచ్చింది, దాని వెంబడే ఏడుపు కూడా.

అంతలోనే ఆ బడి పంతుళ్ళ భార్యలు కళ్ళ ముందు మెదిలారు. మా నాయనది వ్యవసాయమని వాళ్ళకు చెప్పి ఉన్నాను. చేతులు ఆగబోయాయి. ఆగనివ్వలేదు. పొట్టు గింజల్లో పడుతున్నా చూసుకోకుండా, పళ్ళు బిగబట్టి ఒలుస్తూనే పోయాను.

"ఎట్లుండాది పాపా?" అన్నాడు అన్న.

"బాగలేదన్నా. నాయన మీద చెప్తే ఎవురు నవ్వుతారు?"

"యాడా ఒక్క చోట కూడానా?"

"లేదన్నా."

అన్న జేబులోంచి పెన్ను తీసి, అక్కడే నిలబడి ఆ పేజీలన్నీ కొట్టేశాడు. వార్షికోత్సవంలో కండక్టరు ముక్క చేశాడు. అందరూ నవ్వారు, దండ వేశారు. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆ తర్వాత మన ఇంటి గొంతు అనే మాట అన్న ఎత్తలేదు. పరాయి గొంతులనే రోజూ పొద్దున్నే సాధన చేస్తూ ఇంకా ఇంకా సానబెట్టాడు. కానీ ఆ నటులు ముసలివాళ్ళయ్యారు, ఆ నాయకులు పోయారు, ఆ గొంతులు ఎవరివో తెలియని పిల్లలు ముందు వరుసల్లోకి వచ్చారు. పిలుపులు తగ్గాయి. పిలుపులు లేని రోజుల్లోనూ అన్న సాధన మానలేదని వదిన చెప్పేది.

అన్నకు డెబ్బై దాటాక ఉదయగిరి వెళ్ళి, వరండాలో కూర్చుని, ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"అది బాగుండాదనే నాకు అనిపించినాది పాపా. నీ చేతులు ఆగలా. నా చెవే చెడిపోయిందనుకున్నాను," అన్నాడు.

అప్పటి నుంచి తన చెవిని తాను నమ్మలేదట. ఇప్పుడు చెప్పన్నా అని బతిమాలాను. గొంతు సవరించుకుని, మేకను అత్తా అని పిలిచి, ఆగిపోయాడు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలిచి, ఇది నాయన గొంతు కాదని తల అడ్డంగా ఊపాడు. ఆ పై వేసవిలో అన్న పోయాడు.

నా కాలంలో దాచుకోవలసినవన్నీ ఇప్పుడు గొప్పగా చెప్పుకునేవయ్యాయి. మా పెద్దబ్బాయి తన తాత మేకలు కాశాడని ఆఫీసులో అందరికీ చెబుతాడట. తాత ఎట్లా మాట్లాడేవాడమ్మా అని అడుగుతుంటాడు. చొక్కా సంగతి, మేక సంగతి నాకు చేతనైనట్టు చెబుతాను. నేను నొచ్చుకోకూడదని, వాడు మర్యాదకు కాస్త నవ్వుతాడు.