కట్టని రోజు

ముందు డప్పు వినిపించేది. గొంతు బొంగురుపోయిన చిన్న డప్పు. దాని వెనకే పగిలిన కంచు పళ్ళెం మోత. ఆ తర్వాత సందు మలుపులో కోతి కనిపించేది. ప్లాస్టిక్ బొమ్మ ముఖం తగిలించుకుని, చిన్న బుట్ట పట్టుకుని, సంతకు బయల్దేరిన ఇల్లాలిలా. మెడలోని గొలుసు ఎంత పొడుగో అంత దూరంలో తర్యోనో వచ్చేవాడు.

జకార్తాలో రైలు పట్టాల వెంట మా ఇళ్ళు. రైలు పోయినప్పుడల్లా నా కొట్లో గాజు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి వణుకుతాయి. ఉడికిన ఆకుకూర మీద వేరుశనగ పచ్చడి పోసి అన్నంతో అమ్ముతాను. పగలంతా కూడళ్ళలో కోతిని ఆడించి తర్యోనో నా బల్ల మీదే తినేవాడు. కోతి బల్ల కింద ఉండేది.

మంచివాడని చెప్పను. నా గ్యాస్ బండ ఎత్తుకెళ్ళి అమ్ముకున్నాడు. ఆ సాయంత్రం నాతో కలిసి సందంతా వెతికాడు కూడా. "ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మడానికి లేదక్కా" అన్నాడు, పక్కింటి గోడ వెనక్కి తొంగి చూస్తూ. అతని దెబ్బలకు తాళలేక భార్య ఓ పొద్దున బస్సెక్కి వెళ్ళిపోయింది. కూతురు నినింగ్ మిగిలింది. ఇంకా బడి ఈడు రాలేదు. పనికి పోయేముందు పిల్ల నడుముకు బాతిక్ గుడ్డ చుట్టి, కొసను గుంజకు కట్టేవాడు. అతను కనుమరుగయ్యాక నేను విప్పి కొట్లోకి తెచ్చుకునేదాన్ని.

"పసిదాన్ని అలా కట్టేస్తావేంరా?" అని ఒకసారి అడిగాను.

"పక్కనే పట్టాలు కదక్కా. మా అవ్వ నన్నూ కట్టేసేది."

వేలికంటిన పచ్చడి నాకుతూ చెప్పాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. తల్లి అరబ్బు దేశానికి ఇంటి పనికి పోయి తిరిగి రాలేదు. తండ్రి ఎవరని అడిగితే అవ్వ గరిటె విసిరేది. పరాయి పొలాల్లో కోతకు పోతూ అతన్ని వెదురు మంచం కోడుకు కట్టేది.

"ఒకరోజు కట్టడం మరిచిపోయింది. తిరిగొచ్చి చూస్తే నేనక్కడే ఉన్నా, మంచం కోడు పక్కనే. ఎంత నవ్విందనుకున్నావ్! చుట్టుపక్కలోళ్ళందర్నీ పిలిచి చూపించింది. వాళ్ళూ నవ్వారు."

అతనూ నవ్వాడు. నీళ్ళు తాగాడు.

జనన పత్రం లేదని బడి అతన్ని చేర్చుకోలేదు. కోతులాడించే ఒకాయన చేర్చుకున్నాడు. చేతులు వెనక్కి కట్టి, మెడకు తాడు వేసి దూలానికి కడితే కోతి మనిషిలా నిలబడడం నేర్చుకుంటుంది. కూర్చోబోతే తాడు బిగుస్తుంది. అతనికి వచ్చిన చదువు అదే.

"ఏడవదూ?"

"మొదట్లో. తర్వాత ఊరుకుంటుంది."

నగరంలో కోతి ఆట నిషేధించారు. ఓ మధ్యాహ్నం బోను బండి వచ్చి కోతిని తీసుకుపోయింది. తర్యోనో అడ్డం పడలేదు. బొమ్మ ముఖం మాత్రం విప్పి తన దగ్గర ఉంచుకున్నాడు. తర్వాత కొన్నాళ్ళు ఇంటి తలుపు మూసే ఉంది. పిల్లను పంపమంటే "దానికి ఒంట్లో బాగాలేదక్కా" అనేవాడు లోపలినుంచి.

ఆ పైన ఒక సాయంత్రం మళ్ళీ డప్పు.

చేతిలో గరిటెతోనే బయటికొచ్చాను. సందు మలుపులో బొమ్మ ముఖం, బుట్ట, గొడుగు. కింద రెండు చిన్న పాదాలు, రబ్బరు చెప్పులతో. నడుముకు బాతిక్ గుడ్డ. దాని కొస తర్యోనో చేతిలో.

"ఒరేయ్ తర్యోనో! నీ కోతికి జడ మొలిచిందేంట్రా!" ఆటోవాడు అరిచాడు. బల్ల మీద తింటున్నవాళ్ళు నవ్వారు. ఒకాయన నాణెం విసిరాడు. బొమ్మ ముఖం వంగి నమస్కారం చేసింది.

నేను వెళ్ళి ఆ ముఖం తీసేశాను. కోతికి సరిపోయిన ముఖం పిల్లకు చిన్నది. చెంపల మీద దాని అంచు ఎర్రటి గీతలా దిగింది. నినింగ్ ఏడవలేదు. బుట్టా గొడుగూ కింద పెట్టింది. చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి. నిటారుగా నిలబడింది.

"కోతికంటే తొందరగా ఆట వచ్చేసిందక్కా దీనికి" అన్నాడు తర్యోనో. గొప్పలు పోతున్నట్టు లేదు, వాన పడుతోందని చెబుతున్నట్టు ఉంది.

"పిల్లను నా దగ్గర వదిలెయ్."

"నా కూతురది."

"నీ కూతురే. అందుకే అడుగుతున్నా. మీ అవ్వను ఎవరైనా ఇలా అడిగుంటే?"

రైలు వచ్చింది. అది పోయేంతవరకూ ఎవరి మాటా ఎవరికీ వినిపించదు గనుక అందరం ఊరికే నిలబడ్డాం. గ్లాసులు వణికి ఆగాయి.

"అన్నం పెడతావా?"

"పెడతాను."

"కొడతావా?"

"కొట్టను."

అర్థంకాని మాటేదో విన్నట్టు నా వైపు చూశాడు. తర్వాత పిల్ల నడుముకున్న ముడి విప్పాడు. వేళ్ళు ఆ పనికి అలవాటుపడినవి, తడబడలేదు. గుడ్డను మడతపెట్టి నా భుజం మీద వేశాడు. డప్పు చంకలో పెట్టుకున్నాడు. నినింగ్ విప్పిన చోటే నిలబడి ఉంది, చేతులు ఇంకా వెనకే.

మలుపు దాకా వెళ్ళి ఆగాడు. పిల్ల వైపు చూడలేదు. నా భుజం మీది గుడ్డ వైపు చూశాడు.

"అది అక్కర్లేదక్కా" అన్నాడు. "కట్టకపోయినా పిల్ల ఎక్కడికీ పోదు."