బస్సు మీది సామాను

ఆ గదిలో ఎనిమిది మంచాలు, ఎనిమిది యంత్రాలు. ఒక గొట్టంలోంచి మనిషి రక్తం యంత్రంలోకి పోతుంది, శుభ్రపడి రెండో గొట్టంలోంచి తిరిగి వస్తుంది. కిడ్నీలు పనిచేయడం మానేసినవాళ్లు వారానికి మూడు రోజులు, పూటకి నాలుగు గంటలు అలా పడుకోవాలి. సూదులున్న చెయ్యి వంచకూడదు. రెండో చేతికి అరగంటకోసారి బి.పి. పట్టీ బిగుసుకుంటుంది. పేకముక్కలు పట్టే వీల్లేదు, పుస్తకంలో పేజీ తిప్పడం కూడా యాతనే. అందుకని ఆ గదిలో ఆటలన్నీ నోటితోనే.

ఆ ఆటలు మొదలుపెట్టినవాడు కిటికీ పక్క మంచం మీది కండక్టరు. ముప్పై ఏళ్లు బస్సులో టికెట్లు కొట్టినవాడు. "బతుకంతా నిలబడే ఉన్నాను. చూసి చూసి దేవుడే కాళ్లు చాపుకొమ్మన్నాడు" అని నవ్వేవాడు. ఏడేళ్లుగా ఆ మంచం ఆయనది. పొద్దున్నే బరువు చూసే బల్ల ఎక్కి దిగి, ఆయా కప్పిన దుప్పటిలోకి దూరి, సూదులు గుచ్చుతున్నప్పుడు కళ్లు మూసుకుని దేవుణ్ని తలుచుకునేవాడు. యంత్రం తిరగడం మొదలవగానే రెండు పెదాలూ సున్నాలా చుట్టి, సరిగ్గా బస్సు ఈలలా ఈల వేసేవాడు. అంటే ఆట మొదలైందని.

ఒకరు మనసులో ఒక మనిషిని తలుచుకుంటే మిగతావాళ్లు ప్రశ్నలడిగి పట్టుకోవడం ఒక ఆట. నవ్వకూడని ఆట ఇంకొకటి. అందులో చేపలమ్మదే పైచేయి. మొగుడి గురకని మొహం బిగబట్టి వర్ణిస్తుంటే, పక్క మంచం లెక్కల మాస్టారు నవ్వాపుకోలేక దగ్గేవారు.

అన్నిటికంటే పెద్ద ఆట సామాను ఆట. ఆ గది ఒక బస్సు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లూ మొదటిరోజు బస్సు పైన ఒక వస్తువు వెయ్యాలి. ఆ తరవాత వంతు వచ్చినప్పుడల్లా పైన ఉన్నదంతా వరసగా, తప్పకుండా చెప్పాలి. తప్పితే ఆ పూటకి అవుట్. "కాలు విరిగిన మంచం" అని మొదలయ్యేది వరస. అది వేసిన వడ్రంగి పోయి అయిదేళ్లు దాటింది. అయినా మంచం దిగలేదు. ఎవరి సామానూ దించకూడదని కండక్టరు పెట్టిన నియమం. మాస్టారు ఒకసారి, "పోయినవాళ్లవి తీసేస్తే మాకు బరువు తగ్గుతుంది కదయ్యా" అన్నారు.

"సామాను దించడం నా డ్యూటీ కాదు మాస్టారూ. దించేవాడు పైన వేరే ఉన్నాడు" అన్నాడు కండక్టరు.

దర్జీ పిల్ల ఆ గదిలోకి వచ్చిననాటికి పైన పదిహేడు వస్తువులున్నాయి. ముప్పై ఏళ్లుండవు ఆమెకి. తల్లి భుజం పట్టుకుని వచ్చి, కండక్టరుకి ఎదురు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన ఈల వేసి, "కొత్త ప్యాసింజరు సామాను పైన వెయ్యాలి!" అన్నాడు.

"నన్నొదిలేయండి. ఈ వారం వచ్చి మానేస్తాను. నాకోసం మా అమ్మ వారానికి మూడు రోజులు పని మానుకుంటోంది" అందామె.

బయట బల్ల మీద కూర్చున్న తల్లి తలుపు సందులోంచి ఇటే చూస్తోంది. కండక్టరుకి ఆ చూపు గుండెలో దిగబడింది. ఎలాగైనా ఈ పిల్లని మానకుండా చెయ్యాలని ఆ క్షణమే అనుకున్నాడు.

"మానేద్దువుగానీలే తల్లీ. ఎవరు కాదన్నారు? ఒక్క వస్తువు వేసి పడుకో. ఎల్లుండి వచ్చి వరస ఒక్కసారి చెప్పేసి వెళ్లిపో."

 ఆమె గోడవైపు నుంచే, "ఒక చెయ్యి కుట్టని చొక్కా" అంది.

ఎల్లుండి వచ్చింది. పద్దెనిమిదీ గుక్కతిప్పుకోకుండా చెప్పింది. ఆ పైవారమూ వచ్చింది. ఏడాదిన్నరలో ఒక్క పూట మానలేదు, ఒక్క మాట తప్పలేదు. కొలతలు కాగితం మీద రాసుకునే అలవాటు లేదట ఆమెకి. మనిషిని ఒకసారి చూస్తే భుజం, మెడ, చేతి పొడవు అన్నీ తలలో నిలిచిపోయేవి. కండక్టరు కావాలని మధ్యలో దగ్గేవాడు, తప్పు మాట అందించేవాడు. ఆమె వినిపించుకునేదే కాదు.

"నువ్వు తప్పిన రోజు గది గదంతా వినేలా ఈల వేస్తా చూడు" అనేవాడాయన.

"ఆ ఈల కోసం పళ్లు ఊడకుండా చూసుకో బాబాయ్" అనేది.

చలిరోజుల్లో సూదుల చెయ్యి కప్పుకునే వీల్లేక అందరూ వణుకుతుంటే చూసి, ఆమె ఒక్కొక్కరికీ ఒక చొక్కా కుట్టుకొచ్చింది. ఆ ఒక్క చేతికీ భుజం నుంచి మణికట్టు దాకా కుట్టుకి బదులు బొత్తాలు. సూదులున్నంత మేర బొత్తాలు విప్పుకుంటే చాలు, మిగతా చెయ్యి వెచ్చగా ఉంటుంది. ఎవరి కొలతలూ అడగలేదు. అందరికీ సరిపోయాయి.

"పెళ్లినాడు కూడా నాకిలా అమరలేదే" అని చేపలమ్మ మురిసిపోయింది.

ఆ గురువారం దర్జీ పిల్ల తలనొప్పిగా ఉందంటూనే వచ్చింది. సిస్టర్ మాత్ర ఇచ్చి బి.పి. చూసింది. కొంచెం ఎక్కువే ఉంది, ఎప్పుడూ ఉండేదేలే అనుకున్నారు. మూడో గంటలో ఆమె వంతు వచ్చింది. కాలు విరిగిన మంచం, కోడిపిల్లల గంప, గొడుగు అని మెల్లగా చెప్పుకుంటూ పోయింది. మళ్లీ గొడుగు అంది. దాన్ని తప్పుగా ఎవరూ లెక్కెయ్యలేదు. ఒక్కొక్కటీ దాటి సుద్దముక్కల పెట్టె, మూత లేని బుట్ట దాకా వచ్చి, అక్కడ ఆగి, తన చొక్కా వదిలేసి దాని తరవాతది చెప్పింది.

"దొరికింది!" కండక్టరు మంచం మీద సగం లేచాడు. ఏడాదిన్నరగా దాచుకున్న ఈల వేశాడు. గది గదంతా గొల్లుమంది. "అమ్మాయి తన చొక్కా తనే పారేసుకుంది!" అని మాస్టారు నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

"నిద్రొస్తోంది బాబాయ్" అంది.

"ఓడినవాళ్లందరికీ నిద్రే వస్తుందమ్మా. ఈ పూటకి నువ్వు అవుట్. పడుకో" అన్నాడాయన.

ఆమె కళ్లు మూసుకుంది. గంట తరవాత సూదులు తీశారు. తల్లి భుజం మీద వాలి వెళ్లిపోయింది. ఇంటికి చేరిన కాసేపటికి స్పృహ తప్పింది. తలలో నరం చిట్లిందన్నారు. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

శనివారం ఎదురు మంచం ఖాళీగా ఉంది. సిస్టర్ చెప్పినప్పుడు కండక్టరు ఒక్కటే అడిగాడు.

"వరస తప్పిందే... అప్పుడే మొదలైందామ్మా?"

సిస్టర్ ఆయన అరచెయ్యి పట్టుకుంది. "అప్పుడు తెలిసినా బతికేదో లేదో డాక్టరుగారే చెప్పలేకపోయారు. చూడాల్సింది మేము. మీరు కాదు" అంది.

ఆ మాట దయతో అన్నదని ఆయనకి తెలుసు. కానీ యంత్రం చూడలేనిదాన్ని చూసే చోట ఉన్నది తనే. ఏడాదిన్నరలో ఒక్క మాట తప్పని పిల్ల తప్పితే, ఏమైందమ్మా అనకుండా ఈల వేశాడు.

ఆ రోజు నుంచి ఆయన ఈల వెయ్యలేదు. గదిలో యంత్రాల కూతలే మిగిలాయి. "నాలుగ్గంటలు ఎనిమిదయ్యాయి అన్నా" అంది చేపలమ్మ. ఆయన కిటికీవైపు తిరిగి పడుకున్నాడు.

నెల తిరిగాక తల్లి వచ్చింది. కూతురి దుప్పటి, పళ్లెం ఆస్పత్రిలోనే ఉండిపోయాయి. అవి తీసుకుని, కండక్టరు మంచం దగ్గర ఆగింది. ఆయన లేవబోతే వద్దని భుజం మీద చెయ్యి వేసింది.

"ఆ రోజు దారిలో ఒకటే మాట అన్నయ్యగారూ. 'ఇవాళ బాబాయ్ గెలిచాడమ్మా, ఎంత సంతోషపడ్డాడో' అంది. మీకు చెప్పాలనిపించింది" అంది.

నొప్పించాలని చెప్పలేదామె. బిడ్డ చివరి మాటల్లో ఒకటి ఆయనకి దక్కవలసిందని, పని మానుకుని మోసుకొచ్చింది. ఆయన రెండు చేతులూ జోడించబోయాడు. సూదుల చెయ్యి లేవలేదు. ఒక్క చెయ్యే గుండెకి ఆనించుకున్నాడు.

ఆ తరవాతి మంగళవారం ఎదురు మంచం మీదికి కొత్త మనిషి వచ్చాడు. తాళాలు బాగుచేసేవాడు. భయంతో పెదాలు తడుపుకుంటూ యంత్రాన్నే చూస్తున్నాడు. కండక్టరు చాలాసేపు ఆయన్ని చూశాడు. పెదాలు చుట్టాడు గానీ ఈల రాలేదు, గాలి వచ్చింది.

"ఆట ఉంది" అన్నాడు మామూలు గొంతుతో. "నియమం మారింది. ఎవరు తప్పినా అవుట్ లేదు, నవ్వొద్దు. మాట ఎక్కడ తడబడినా ముందు సిస్టర్ని పిలవాలి."

 తాళాలాయన "తుప్పు పట్టిన తాళంకప్ప" వేశాడు. వంతులు మొదలయ్యాయి. మాస్టారు చెప్పారు. చేపలమ్మ చెప్పింది. కండక్టరు వంతు వచ్చింది.

"కాలు విరిగిన మంచం, కోడిపిల్లల గంప, గొడుగు..." ఒక్కొక్కటీ చెబుతూ వచ్చాడు. "సుద్దముక్కల పెట్టె, మూత లేని బుట్ట..."

ఆగిపోయాడు.

చేపలమ్మ మెడ తిప్పి చూసింది. ఆయన నోరు తెరుచుకునే ఉంది.

"సిస్టర్!" అని కేక పెట్టింది. "సిస్టర్, తొందరగా రామ్మా! కండక్టరన్న ఆగిపోయాడు!"

సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. బి.పి. పట్టీ బిగించింది, కళ్లలోకి లైటు వేసింది.

"ఇవాళ ఏ వారం? చెప్పండి."

"మంగళవారం."

"తలనొప్పా? కళ్లు మసకబారుతున్నాయా?"

"లేదమ్మా."

"మరి వరస ఎందుకు మరిచిపోయారు?"

కండక్టరు కన్నీళ్లు చెవులవైపు జారాయి. తుడుచుకోవడానికి ఒక చేతికి పట్టీ, ఒక చేతికి సూదులు. సిస్టరే దుప్పటి కొంగుతో తుడిచింది.

"మరిచిపోలేదమ్మా" అన్నాడు.

సిస్టర్ యంత్రం మీది అంకెలు చూసి, చలికి బిగుసుకున్న ఆయన చెయ్యి చూసి, చొక్కా చేతికి పైన విడిపోయి ఉన్న రెండు బొత్తాలు పెట్టింది. వెళ్లిపోకుండా అక్కడే నిలబడింది.

"మేమాగుతాం అన్నా. ఇంకా రెండు గంటలుంది" అంది చేపలమ్మ.

బి.పి. పట్టీ గాలి వదిలింది. ఆయన గొంతు సవరించుకుని, వరస మళ్లీ వడ్రంగి మంచం నుంచి మొదలుపెట్టాడు.