తెల్లదోమ కాగితం

అమలాపురం బస్సులో నా పక్కన ఓ కాలేజీ మేడం కూర్చుంది. ఒళ్లో కాగితాలు, వాటినిండా ఎర్ర గీతలు.

"పరీక్ష తప్పిన పిల్లాడి కాగితాలాండీ?" అని అడిగాను.

"నావేనండి మామ్మగారూ," అని నవ్వింది. "కొబ్బరికి పట్టిన తెల్లదోమ గురించి పత్రికకి రాసేను. 'ఇది మీ తోటి మేష్టార్లకి రాసేరు. చెట్టున్నవాళ్లకి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు' అని ఎడిటరుగారు తిప్పి పంపేరు."

నాకు ఆరు కొబ్బరి చెట్లున్నాయి. ఆయన పోయాక నాకు కూడు పెడుతున్నవి అవే. ఆ దోమే పట్టి ఆకులు మసిబారి కాపు తగ్గింది. అందుకని చదవమన్నాను. చదివింది. నా బుర్రకేమీ ఎక్కలేదు.

"అదంతా సరేనండి. రేపు నేను మందు కొట్టించాలా, వద్దా?"

"వద్దండీ! ఆ దోమని తినే మంచి పురుగులు కూడా చస్తాయి. ఆకుల అడుగున తగిలేలా గట్టిగా నీళ్లు కొట్టించండి."

"మరి అది రాయలేదేంటండీ?"

ఆవిడ కాగితం వెనక్కి తిప్పి, నాతో అన్న మాటే మొదట రాసి, చదివి వినిపించింది.

"ఆయ్, ఇది తెలిసిందండి," అన్నాను.

మర్నాడు నీళ్లే కొట్టించాను. మేడం పేరు అడగలేదు. అంత చదువుకున్నావిడకి అలా మొహమ్మీదే చెప్పిన ఆ ఎడిటరుగారు ఎలా ఉంటారో చూడాలని మాత్రం ఇప్పటికీ ఉంది.