దీపాలబ్బాయి ఆదరణ కూడిక

"ఆ రోజుల్లో" అని నేను మాట మొదలుపెడితే మా అమ్మకి నవ్వొస్తుంది. "తలలో ఒక్క వెంట్రుక నెరవలేదు, నీకు ఆ రోజులేంట్రా?" అంటుంది. నిజమే, నేను చెప్పబోయేది మరీ పాతకాలం సంగతేమీ కాదు. అప్పటికే సెల్‌ఫోన్లున్నాయి, నెట్ ఉంది, బీటెక్ చదివి ఉద్యోగం కబురు కోసం ఇంట్లో కూర్చున్న కుర్రాళ్ళు వీధికి ఇద్దరో ముగ్గురో ఉన్నారు. రేపల్లెలో మా వీధి తరఫున నేనొకణ్ణి. అయినా మగపిల్లలకి ఏడుపొస్తే కంట్లో నలక పడిందని చెప్పుకునే వయసు ఒకటుంటుంది. అది దాటి వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే, నాలుగైదేళ్ళ కిందటి సంగతైనా ఎప్పటిదో అనిపిస్తుంది.

బాపట్లలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నాకు జపాను అనిమేల పిచ్చి పట్టింది. (వాటిని బొమ్మల సీరియళ్ళు అంటే మా గదిలో గొడవలైపోయేవి.) పట్టించినవాడు గెడ్డం. నున్నగా గీసుకున్నా సాయంత్రానికి మళ్ళీ మొలిచే గెడ్డం వల్ల ఆ పేరు స్థిరపడింది. పరీక్షల్లో మూడు సబ్జెక్టులు పోయాయని తెలిసిన రోజున కూడా రెండు ప్లేట్ల మిరపకాయ బజ్జీలు తిని చేతులు కడుక్కున్న ధీరుడు. రెండోవాడు సైలెన్సర్. వాడు గుసగుసలాడితే పక్క బ్లాకు వార్డెన్‌కి వినపడేది. మేం ముగ్గురం కలిసి ఎన్ని చూశామో లెక్క లేదు కానీ, మా ప్రాణాలు తీసింది మాత్రం ఒక్కటే. అందులో తల్లి లేని ఒక కుర్రాడు, పడవ మీద వెళ్ళి తిరిగిరాని అన్నని వెతుక్కుంటూ, చేతిలో లాంతరుతో దీవి దీవికీ తిరుగుతాడు. దారి తప్పిన పడవలకి ఆ లాంతరు చూపించి ఒడ్డుకి చేరుస్తాడు. అంతే కథ. ఆ అంత కథకే మేం సిలబస్ వదిలేశాం. చదువు పూర్తయి నేను ఇంటికి వచ్చేశాక కూడా వారానికొక భాగం వస్తూనే ఉంది. ప్రతి ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోంచేసి, ఫోను గోడకి ఆనించి పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఒక ఆదివారం అమ్మమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. అమ్మమ్మ మా ఇంట్లోనే ఉండేది, ఇప్పటికీ మా దగ్గరే ఉంది. "ఆ జుట్టేంట్రా, నూనె మొహం ఎరిగినట్టు లేదు. దువ్వేవాళ్ళు లేరా వాడికి?" అంది. తల్లి లేదని చెప్పాను. అంతే, ఇక ఆమె లేవలేదు. కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తుంటే "కూడబలుక్కునేలోపు పారిపోతున్నాయిరా, నువ్వు చెప్పు" అంది. ఆనాటి నుంచి నేను ఆపుకుంటూ ఆపుకుంటూ ప్రతి మాటా తెలుగులో చెప్పేవాణ్ణి. ఆ కుర్రాడి జపాను పేరు ఆమె నోరు తిరగక "దీపాలబ్బాయి" అని తనే పేరు పెట్టింది. వాడు నూడుల్స్ తింటే "సేమ్యా ఏం ఆనుతుంది, అన్నం పెట్టేవాళ్ళే దొరకలేదా ఆ దేశంలో?" అని బాధపడేది. గాలి లేచే భాగాల్లో మాత్రం మాట్లాడేది కాదు. ఉప్పెన చూసిన మనిషి. సముద్రం బొమ్మదైనా ఆమెకి దానిమీద నమ్మకం లేదు.

మా ఇంట్లో బుధవారం బుధవారం సాయంత్రం ఆడవాళ్ళ ప్రార్థన కూడిక జరిగేది. చివర్లో పాస్టరమ్మగారు "ఎవరికైనా ప్రార్థన మనవులు ఉన్నాయా?" అని అడిగితే ఒకరు మోకాలి నొప్పి గురించి, ఒకరు అల్లుడి ఉద్యోగం గురించి చెప్పేవాళ్ళు. (నా ఉద్యోగం గురించి అమ్మ ప్రతి వారం చెప్పేది. వినీ వినీ అక్కడున్నవాళ్ళకి నా ఇంటర్వ్యూ తారీఖులు నాకంటే బాగా గుర్తుండేవి.) ఆ బుధవారం అమ్మమ్మ లేచి, "తల్లి లేని బిడ్డండి, ఒక్కడే సముద్రం మీద తిరుగుతున్నాడు, వాళ్ళన్న దొరకాలి" అంది. పాస్టరమ్మగారు కళ్ళు తుడుచుకుని "ఏ ఊరు పెద్దమ్మా? నిజాంపట్నమా?" అన్నారు. "ఇంకా అవతలండి, జపాను" అంది అమ్మమ్మ. నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. అందరూ వెళ్ళాక "అమ్మమ్మా, అది కథే కదే!" అంటే, "కథని నాకు తెలీదా? అంతమంది ప్రార్థన చేస్తే వాడికేమన్నా నష్టమా?" అంది. అప్పట్నుంచి నా ఉద్యోగం, దీపాలబ్బాయి అన్నయ్య, రెండూ వరసగా ఆ ప్రార్థనల్లో ఉండేవి.

చివరి భాగం వచ్చే వారంలోనే అమ్మమ్మకి తెనాలిలో శుక్లాల ఆపరేషనయింది. పంపించేటప్పుడు డాక్టరుగారు "వంగొద్దు, తలస్నానం వద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు, కొన్నాళ్ళు ఫోను చూడొద్దు, ముఖ్యంగా ఏడవొద్దు" అని చెప్పారు. "నవ్వొచ్చాండి?" అని అడిగింది అమ్మమ్మ. ఆయన "మెల్లగా నవ్వండి" అన్నారు. రైల్లో తిరిగొస్తూ నల్లద్దాల చాటునుంచి నా వైపు తిరిగి, "నువ్వు చూసొచ్చి నాకు పూస గుచ్చినట్టు చెప్పు. ఒక్క మాట మింగావంటే ఊరుకోను" అంది. సరేనన్నాను.

ఆ ఆదివారం ఆరాధన అవగానే బాపట్ల బస్సెక్కాను. చివరిది ఎవరింట్లో వాళ్ళు చూడకూడదని మా ముగ్గురికీ ముందే ఒప్పందం. పోయిన సబ్జెక్టులు రాసుకోవడానికి గెడ్డం అక్కడే గది తీసుకుని ఉన్నాడు. చూశాం. పెద్ద గాలివానలో పడవలన్నీ దారి తప్పితే, దీపాలబ్బాయి ఒడ్డుకి దూరంగా ఉన్న రాయి ఎక్కి లాంతరు పైకెత్తి నిలబడ్డాడు. ఒక్కొక్క పడవా వెలుగు చూసుకుని ఒడ్డుకి చేరింది. ఆఖరి పడవలో వాళ్ళన్న ఉన్నాడు. తెల్లారేసరికి రాతి మీద లాంతరు ఉంది, వాడు లేడు. పేర్లు పడుతుంటే ఎవరం కదల్లేదు. సైలెన్సర్ నోట్లోంచి ఒక్క మాట కూడా రాలేదు. గెడ్డం గోడ వైపు తిరిగి, ముక్కు ఎగబీల్చి, "ఈ గదిలో దుమ్మెక్కువరా" అన్నాడు. "అవున్రా, ఊడ్పించాలి" అన్నాన్నేను. తర్వాత బజ్జీల బండి దగ్గరికి వెళ్ళాం కానీ ప్లేట్లు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాం. గెడ్డం బజ్జీ తినకపోవడం చూసి బండి బాబాయికి కంగారు పుట్టింది. "ఏంటి బాబూ, ఎవరన్నా పోయారా?" అన్నాడు. ముగ్గురం ఒక్కసారే "అవునండి" అన్నాం. "ఎంత వయసు?" అంటే "పదహారండి" అన్నాడు గెడ్డం. ఆయన స్టవ్ తగ్గించి, "అయ్యో, కన్నవాళ్ళకి ఎంత కష్టం" అంటూ మా పక్కన కాసేపు ఊరికే నిలబడ్డాడు. మేం ఆయనకి అది కథ అని చెప్పలేకపోయాం. చెప్పకపోవడం తప్పనీ అనిపించలేదు.

బస్టాండు నుంచి అమ్మకి ఫోన్ చేశాను. నా గొంతు విని "ఏమైందిరా? ఎవరికేమైంది?" అని అరిచింది. "దీపాలబ్బాయి పోయాడే" అన్నాను. "హమ్మయ్య" అని గుండె మీద చెయ్యేసుకుని ఉంటుంది, మరుక్షణంలో "అయ్యో!" అంది. "ఒరే, అమ్మమ్మకి చెప్పకు! కంట్లో నీళ్ళొచ్చాయంటే ఆపరేషనంతా బూడిదలో పోసిన పన్నీరే. ఏదో ఒకటి చెప్పి వాణ్ణి బతికించు!" రేపల్లె దాకా బస్సులో అదే పని మీద ఉన్నాను. కళ్ళు తుడుచుకుంటూ చచ్చిపోయినవాణ్ణి బతికించుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. "దొరికాడా?" అంది. దొరికాడన్నాను. వాళ్ళన్న పడవలో వచ్చాడని, తమ్ముణ్ణి వాటేసుకున్నాడని, ఇంటికి తీసుకెళ్ళాడని చెప్పాను. అక్కడితో వదిలితే బాగుండేది. "అన్నం పెట్టారా?" అంది. పెట్టారన్నాను. "కూరేంటి?" అంది. ఒక్క క్షణం తడుముకుని "చేపల పులుసు" అన్నాను. (జపానులో చేపల పులుసేమిటని ఆమె అడగలేదు, నేనూ ఆలోచించలేదు.) అమ్మమ్మ చేతులు జోడించింది. అమ్మ గుమ్మంలో నిలబడి "ఆనందానికి కూడా ఏడవకూడదమ్మా!" అని హెచ్చరించింది. మళ్ళీ బుధవారం కూడికలో అమ్మమ్మ నల్లద్దాలతో లేచి నిలబడి ఆ బిడ్డ క్షేమంగా ఇంటికి చేరాడని సాక్ష్యం చెప్పింది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టి కృతజ్ఞత పాట పాడారు. ఆమె చెప్పి చేయించిన పాయసం గ్లాసుల్లో పోసి అందరికీ నేనే పంచాను. "మీ స్నేహితుడంటగా బాబూ, ఎంత సంతోషం" అని ఒకావిడ నా చెయ్యి పట్టుకుంటే, పాయసం గ్లాసు ఆవిడ చీర మీద ఒలికింది. నా జీవితంలో అంత చేదు పాయసం తాగలేదు.

కన్ను కుదిరింది. డాక్టరుగారు అద్దాలు తీసేయమన్నారు. గోడ మీద బల్లిని కూడా గుర్తుపడుతున్నానని అమ్మమ్మ నాలుగు రోజులు ఇల్లంతా తిరిగి, ఆదివారం మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుంది. "ఆ చివరిది పెట్టు. చేపల పులుసు చూడాలి" అంది. నెట్ సరిగా లేదన్నాను. ఫోను వేడెక్కిందన్నాను. చివరికి పెట్టక తప్పలేదు. గాలివాన మొదలైంది. నాకు తెలుగు రాలేదు. ఒక్క మాటా చెప్పలేకపోయాను. ఆమె కూడా అడగలేదు. కొత్త కంటితో లాంతరు చూసింది, రాయి చూసింది, రాతి మీద ఎవరూ లేకపోవడం చూసింది.

ఫోను బోర్లా పెట్టి "నువ్వు ఏడ్చావా?" అంది. ఏడ్చానన్నాను. "ఆ పిల్లలు?" వాళ్ళూ ఏడ్చారని చెప్పాను. "అందరూ ఏడ్చేశారన్నమాట" అంది అమ్మమ్మ. "డాక్టరుగారు వద్దన్నారని..." అని నేను నసుగుతుంటే చెయ్యి ఎత్తి ఆపింది. "మా చెల్లి పోయినప్పుడు నేను పచ్చి బాలింతని. మీ అమ్మ పొత్తిళ్ళలో ఉంది. ఏడిస్తే పాలు ఎండిపోతాయని ఆ కబురు నాకెవరూ చెప్పలేదు. అది బాగానే ఉంది, పొలానికెళ్ళింది, చర్చికెళ్ళింది అని రోజూ చెప్పేవాళ్ళు. పిల్లకి కుట్టిన గౌన్లు నేను దానికి చూపిద్దామని దాచి పెట్టాను. చెప్పేసరికి అందరి ఏడుపులూ అయిపోయాయి నాన్నా. ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. నేను మొదలుపెడితే 'ఇంకా ఎందుకే' అన్నారు. ఒక్కదాన్నే ఏడ్చాను, అదీ పెరట్లో." అప్పుడు ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నలక పడిందని ఇద్దరం అనలేదు. అమ్మ పరిగెత్తుకొచ్చి, కంగారుగా చుక్కల మందు సీసా చేత్తో పట్టుకుని నిలబడి, ఆ మాటలు తనూ మొదటిసారి వింటున్నట్టుంది, సీసా పక్కన పెట్టి వచ్చి మా దగ్గర కూర్చుంది.

తర్వాతి బుధవారం అమ్మమ్మ గెడ్డాన్నీ సైలెన్సర్‌నీ బాపట్ల నుంచి రప్పించింది. కూడికలో లేచి నిలబడి, "పోయినసారి నేను చెప్పిన సాక్ష్యం తప్పండి. ఆ బిడ్డ పోయాడు. ఈ పిల్లలు బాధలో ఉన్నారు, చావింట్లో పెట్టినట్టే వీళ్ళకీ ఆదరణ కూడిక పెట్టమని అడుగుతున్నాను" అంది. పాస్టరమ్మగారు మా ముగ్గురినీ ఎగాదిగా చూశారు. "పెద్దమ్మా, ఈ బిడ్డ..." అని మెల్లగా మొదలుపెట్టారు. "కథలో పిల్లాడేనండి" అంది అమ్మమ్మ. పాయసం ఒలికించుకున్న ఆవిడ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికే. ఆ తర్వాత పాస్టరమ్మగారు కొంగు తల మీదికి లాక్కుని, "సరే, ఎవరు ఎవరి కోసం దుఃఖపడుతున్నారో దేవుడికి తెలుసు" అని కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన సగంలో ఎక్కడో ఒక ఏడుపు లేచింది. చూస్తే అదే ఆవిడ, నవ్వు ఆపుకున్నావిడ. ఎవరి కోసమో మాకు తెలియదు. ఆ పక్కావిడకీ అంటుకుంది. సైలెన్సర్ ఏడ్చేసరికి వీధి చివర కుక్కలు మొరిగాయి. గెడ్డం మాత్రం దుమ్ము సంగతి ఎత్తలేదు.

ఆ పూట అందరికీ భోజనాలు పెట్టింది అమ్మమ్మ. కూర చేపల పులుసు. పొద్దున్నే బజారు నుంచి చేపలు తెప్పించి, తనే వండింది. గెడ్డం విస్తట్లో వడ్డిస్తూ, "వాడెటూ తినలేదు. మీరన్నా తినండి నాన్నా" అంది. వాడు మూడుసార్లు పెట్టించుకున్నాడు.

తర్వాత నాకు తెనాలిలో ఉద్యోగం వచ్చింది. (ప్రార్థనల్లో అదొక్కటి పూర్తిగా ఫలించింది.) ఆ మాట మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. ఎవరైనా కబురు తీపిచేసి చెప్పబోతే "చేపల పులుసు పెట్టకు" అంటాం. పోయిన ఏడాది అమ్మమ్మ తమ్ముడు, మా చిన్న తాతయ్య, తెనాలి ఆస్పత్రిలో కన్నుమూశాడు. దగ్గర నేనే ఉన్నాను. "అమ్మమ్మకి బీపీ ఉందిరా, రేపు మెల్లగా చెబుదాం" అన్నారు బయట నిలబడ్డ పెద్దవాళ్ళు. నేను పక్కకి వెళ్ళి ఫోన్ చేశాను. ఎత్తగానే "తమ్ముడెలా ఉన్నాడు?" అంది. నేను గొంతు సర్దుకుంటుంటే, "చేపల పులుసు వద్దు నాన్నా" అంది. చెప్పాను. "అందరూ అక్కడే ఉన్నారా?" అంది. ఉన్నారన్నాను. "నేనొచ్చేదాకా ఉండమను" అని, మధ్యాహ్నం రైలుకి అమ్మని తీసుకుని వచ్చేసింది. ఆమె వచ్చేదాకా ఎవరం కదల్లేదు. ఆ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని ఏడుస్తుంటే, బాపట్ల బస్సులో కిటికీకి తల ఆనించుకుని, లేని తమ్ముణ్ణి అన్న చేత వాటేయించి, జపానులో చేపల పులుసు కాయించిన ఆ కుర్రాడు, అప్పటి నేనే, ఎందుకో గుర్తొచ్చాడు. అంత దుఃఖంలోనూ వాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. అమ్మమ్మ చూసింది కానీ, ఎందుకని అడగలేదు.